చెక్క కబుర్లు: మిషన్ బల్ల, రాతబల్ల, మగ్గం స్టాండు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం బల్లల గురించే. అందులోనూ భోజనాల బల్లలు కాదు, పనిచేసుకునే బల్లలు. తలుపులు, మంచాల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకుండా వచ్చే నెల దాకా ఆగండి. ఇంకో చిన్న మనవి. "మంచి టేబుల్ ఎంత ఎత్తుండాలి మాస్టారూ?" అని ఒక్క ముక్క రాసి పంపితే నేనేం చెప్పను? ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు, కూర్చుని ఏం చేస్తారు, అది రాయండి. పాయకాపురం నుంచి ఒకమ్మాయి రాసింది చూడండి, గది కొలతలతో సహా.

ప్రశ్న (పాయకాపురం, విజయవాడ): మాస్టారూ, నమస్తే. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మామూలు రోజుల్లో నాలుగైదు, పెళ్లిళ్ల సీజన్లో ఎనిమిది దాకా. మిషన్ కాలితో తొక్కేది, మా అత్తగారిది. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కుడతాను, కటింగ్ మాత్రం నేలమీద బొంత పరుచుకుని చేస్తాను. సాయంత్రానికి మెడ, కుడి భుజం లాగేస్తున్నాయి. నా ఎత్తు అయిదడుగులు. గది పదడుగులు బై తొమ్మిది. మంచి టేబుల్ చేయిద్దామంటే మావారు "మిషన్‌కి బల్ల ఉందిగా, ఇంకో బల్లెందుకు" అంటున్నారు. ఎవరు రైటు?

జవాబు: చెరిసగం రైటమ్మా. మిషన్‌కి కొత్త బల్ల అక్కర్లేదు, మీవారి మాట నిజం. కటింగ్‌కి బల్ల కావాలి, అది మీ మాట. మెడనొప్పికి అసలు దొంగ మాత్రం మీ ఉత్తరంలో ఓ మూల కూర్చున్న ఆ ప్లాస్టిక్ కుర్చీ.

ఈ పని ఇవాళే చెయ్యండి. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, భుజాలు పూర్తిగా వదిలేసి, మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతి అడుగు దాకా ఎంతుందో ఇంకెవరినైనా టేపు పెట్టి చూడమనండి. అయిదడుగుల మనిషికి పదహారంగుళాల కుర్చీలో 24, 25 అంగుళాలు వస్తుంది. ఇప్పుడు మిషన్ బల్ల కొలవండి, 29కి అటూ ఇటూగా ఉంటుంది. తేడా నాలుగంగుళాల పైమాటే. ఆ నాలుగంగుళాలూ మీరు రోజుకి ఆరేడు గంటల సేపు భుజాలు పైకెత్తి పూడుస్తున్నారు, మరి లాగవా? ఈ మిషన్లు అమెరికా నుంచి వచ్చాయి, సింగర్ పేటెంటు 1851 నాటిది, ఇనప కాళ్ల బల్లలూ ఆ వెనకే వచ్చాయి. ఆ ఎత్తు పాయకాపురంలో అయిదడుగుల అమ్మాయిని చూసి పెట్టింది కాదు కదా.

ఆ ఇనప కాళ్లని కొయ్యలేం కాబట్టి మనమే పైకి లేవాలి. పద్దెనిమిది, పందొమ్మిది అంగుళాల చెక్క స్టూలు ఒకటి చేయించుకోండి, సీటు చదునుగా ఉండాలి, మీద పల్చటి బొంత చాలు. అంతకంటే ఎత్తు వద్దు, మడమ పెడల్ మీద ఆనకుండా వేళ్లతోనే తొక్కితే ఈసారి పిక్కలు పట్టేస్తాయి. స్టూలు వచ్చేదాకా ప్లాస్టిక్ కుర్చీ వెనక కాళ్ల కింద అంగుళం మందం చెక్క పెట్టండి. ఆ కుర్చీలు వెనక్కి వాలి ఉంటాయి, వాటిలో కూర్చున్నవాళ్లు సూది దగ్గరికి రావాలంటే నడుము వంచి మెడ చాపాల్సిందే. ఇంకోటి, మిషన్‌కి మధ్యలో కూర్చోకండి, సూదికి ఎదురుగా కూర్చోండి. ముక్కూ సూదీ ఒకే వరసలో ఉండాలి. చాలామంది మిషన్ నడిమధ్యన కూర్చుని రోజంతా ఎడమవైపుకి ఒరిగే కుడతారు.

నవ్వనంటే నా సంగతి చెప్తాను. పెళ్లైన కొత్తలో మా ఆవిడకి మోటారు మిషన్ కొని, దానికి నా చేత్తో టేకు బల్ల చేశాను. ముప్పై ఏళ్లు ఐటీఐలో వడ్రంగం నేర్పిన మాస్టారి బల్ల మరి, పుస్తకంలో ఉన్నట్టు సరిగ్గా 30 అంగుళాలు, మూలమట్టం పెడితే వెంట్రుక దూరదు. ఆవిడ పదకొండేళ్లు కుర్చీలో మడత బొంత వేసుకుని కుట్టింది. మెత్తగా ఉంటుందని వేసుకుందనుకున్నాను. ఓ రోజు బొంత ఉతికి దండెం మీద ఆరేసి, ఉత్త కుర్చీలో కూర్చుని కుడుతుంటే చూశాను, భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. ఏంటిది, ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే "అంత మోజుపడి చేస్తిరి, ఏం చెప్పను" అంది. ఆ రాత్రే బల్ల తిరగేసి నాలుగు కాళ్లూ మూడంగుళాలు కోసేశాను. ఇప్పుడు నేను కొలత రాసేముందు మనిషిని అడిగేది అందుకే.

కటింగ్ సంగతికొస్తే, అది నిలబడి చేసే పని. నిలబడి మోచెయ్యి మడిచినప్పుడు ఎంత ఎత్తుంటుందో దానికి నాలుగంగుళాలు తక్కువలో బల్ల ఉండాలి, మీకు 34 దగ్గర పడుతుంది. డబ్బు పెట్టేముందు ఓ వారం రోజులు వంటలయ్యాక వంటింటి గట్టు శుభ్రంగా తుడిచి, దుప్పటి పరిచి, దానిమీదే కత్తిరించి చూడండి. మన ఇళ్లల్లో గట్లు 32 నుంచి 34 దాకా ఉంటాయి. నడుముకి సుఖంగా ఉంటే అదే కొలత వడ్రంగికి చెప్పండి, కాస్త వంగాల్సొస్తే ఒక అంగుళం పెంచండి. పైసా ఖర్చు లేని ట్రయల్.

తొమ్మిదడుగుల గదిలో ఎప్పుడూ నిలబడి ఉండే బల్లకి చోటుండదు, గోడకి మడిచేది చేయించుకోండి. నాలుగడుగులు బై రెండున్నర చాలు, మీటరు జాకెట్టు ముక్క బారుగా పరుచుకుంటుంది, పక్కన కత్తెరకీ టేపుకీ చోటు మిగులుతుంది. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటులో ఇలాంటివి మూడొస్తాయి కాబట్టి కుట్టుపని చేసే ఇంకో ఇద్దరు స్నేహితులుంటే షీటు పంచుకోండి. మందం 19 మిల్లీమీటర్లు. గోడకి బారుగా ఒకటే పొడుగాటి బందు వేయించండి, రెండు చిన్న బందులు కొన్నాళ్లకి వదులైపోతాయి. ముందువైపు గొలుసులు వద్దు, మడిచే కాళ్లు పెట్టించండి, ఎందుకంటే కత్తిరించేటప్పుడు మనం బల్ల మీద బరువు వేస్తాం. గోడ నాలుగున్నర అంగుళాల పార్టిషన్ అయితే ముందే వడ్రంగికి చెప్పండి, తొమ్మిదంగుళాల గోడకి బిగించినట్టు దానికి బిగించకూడదు. పని అయిపోయాక డబ్బులిచ్చేముందు మీ పాత పట్టుచీర కొంగు తీసుకుని బల్ల అంచు వెంట మెల్లగా లాగండి. ఎక్కడైనా పట్టుకుందా, అక్కడ వేలుపెట్టి చూపించి మళ్లీ గరుకు కాగితం కొట్టమనండి. వడ్రంగి చేతికి నున్నగా తగిలింది పట్టుకి నున్నన కాదు.

ఖరీదెంతవుతుందని అడుగుతారేమో. రాయను తల్లీ, పత్రిక మీ చేతికొచ్చేసరికి మారిపోతుంది.

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ): 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా ఇంట్లో నడుము లోతు నీళ్లొచ్చాయి సార్. ఆన్‌లైన్లో కొన్న రాత టేబుల్ నీళ్లలో నానింది. ఆరాక వాడదామంటే పైచెక్క అంచులు పూరీల్లా ఉబ్బాయి, స్క్రూలు ఊడొస్తున్నాయి. కాళ్లు ఇనపవే. బాగుచేయించొచ్చా? మా అమ్మ కుట్టు మిషన్ కూడా అప్పటి నుంచీ మూలనే ఉంది, తుప్పు పట్టి తిరగట్లేదు.

జవాబు: పైచెక్క వదిలేసుకో బాబూ. అది చెక్క కాదు, చెక్కపొట్టుని జిగురుతో కలిపి నొక్కిన పలక, పార్టికల్ బోర్డు అంటారు. ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే ఎన్ని ఎండలు పెట్టినా మళ్లీ పల్చబడదు, స్క్రూకి పట్టూ ఉండదు. కాళ్లు మాత్రం పారెయ్యకు. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఆపైన ఎనామిల్ రెండు కోట్లు వేసి, మీద కొత్త ప్లై బిగించు.

ప్లై కొనేటప్పుడు షాపువాడు "వాటర్‌ప్రూఫే సార్" అంటాడు, ఆ మాట వినకు, షీటు మీద ముద్ర చూడు. ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం. ఐఎస్ 303 ఎంఆర్ అని ఉంటే అది చెమ్మని తట్టుకుంటుంది గానీ నీళ్లని కాదు. ఐఎస్ 710 ఉంటే అది నీళ్లల్లో ఉండటానికే చేసింది, దాని జిగురుని మూడు రోజులు, అంటే 72 గంటలు, మరిగే నీళ్లలో పరీక్షించాలని ప్రమాణంలోనే ఉంది. నమ్మకం లేకపోతే అరచేతిలో పట్టేంత ముక్క అడిగి తెచ్చుకుని, పాత గిన్నెలో నాలుగైదు గంటలు ఉడకబెట్టు. నేను ఇంట్లో చేశాను, జిగురు వాసనకి మా ఆవిడ వంటింట్లోంచి గెంటేసింది గానీ రెండు షాపుల ముక్కల్లో ఒకటి పుస్తకం పేజీల్లా విడిపోయింది, రెండోది కదల్లేదు. రెండిటి మీదా ముద్ర ఒకటే. అందుకని ముద్రతో పాటు ముక్కనీ చూడాలి.

బిగించేముందు ఇంకో మాట. ప్లైలోకి నీళ్లు దూరేది అంచుల్లోంచి, పైనుంచి కాదు. అంచులకి తప్పకుండా పట్టీ అంటించాలి. సన్‌మైకా పైన వేసి అడుగు భాగం ఉత్తగా వదిలేస్తారు చాలామంది, రెండేళ్లకి బల్ల గిన్నెలా వంగుతుంది. అడుగున కూడా కనీసం రంగైనా వెయ్యాలి. టేకు పలకలతో చేయించుకుంటే అది వేరే గొడవ. రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటాం కదా, మన బెజవాడ ఎండలకి పలక కుంచించుకుంటుంది, వానల్లో మళ్లీ సాగుతుంది, దాన్ని స్క్రూలతో కదలకుండా బిగించేస్తే ఏదో ఓ రోజు టప్‌మని చీలుతుంది. బెజ్జాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తియ్యమను, చెక్క కదలడానికి చోటుంటుంది.

అమ్మగారి మిషన్ చక్రాన్ని బలవంతంగా తిప్పొద్దు. ముందు బురద మట్టి పొడిగుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో తియ్యండి. నూనె పోసే ప్రతి బెజ్జంలోనూ కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడించండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు. తిరగడం మొదలయ్యాక కిరోసిన్ తుడిచేసి మిషన్ ఆయిల్ వెయ్యాలి, కొబ్బరినూనె కాదు, అది చలికాలంలో గడ్డకట్టి మళ్లీ మొదటికొస్తుంది. మోటారు ఉంటే దాన్ని మాత్రం మెకానిక్‌కి చూపించకుండా ప్లగ్గులో పెట్టకండి.

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు): గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. రోజూ ఆరు గంటలు ఆన్సర్ రైటింగ్. రూమ్‌లో మంచం మీద ప్యాడ్ పెట్టుకుని రాస్తున్నా, మెడ పోతోంది. నాది ఎడమచేతి వాటం. కోచింగ్ సెంటర్లో అన్నీ కుడివైపు పలక ఉన్న కుర్చీలే, అక్కడ ఇంకా టెన్షన్. తక్కువలో మంచి స్టడీ టేబుల్ చెప్పండి.

జవాబు: టేబుల్ ఏదైనా ఫర్వాలేదు బాబూ, నీక్కావాల్సింది వాలు. నా చిన్నప్పుడు పట్నంబజారు కొట్లల్లో గుమాస్తాలు పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ముందు ఏటవాలు మూత ఉన్న పెట్టె పెట్టుకుని పద్దులు రాసేవాళ్లు. రోజంతా రాసినా వాళ్ల వీపు నిటారుగా ఉండేది. కాగితం మన ముఖం వైపు లేస్తే మనం కాగితం మీదకి వంగక్కర్లేదు, అంతే కిటుకు. అంతకుముందు తాటాకు మీద గంటంతో రాసిన వాళ్లకి ఈ బాధే లేదు, ఆకు ఎడమచేతిలో పట్టుకునే రాసేవాళ్లు, బల్లతో పనేముంది?

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పన్నెండు మిల్లీమీటర్ల ప్లై ముక్క తీసుకుని వెనకంచు కింద నాలుగంగుళాల చెక్క బిగించు. ముందంచుకి పావంగుళం పట్టీ కొట్టు, పుస్తకం జారదు. దీన్ని ఏ టేబుల్ మీదైనా పెట్టుకోవచ్చు, సెకండ్‌హ్యాండ్ బల్ల అయినా సరే. రూమ్ మారితే సంచిలో పెట్టుకుని పోవచ్చు. రాసేటప్పుడు బల్ల మోచేతి ఎత్తులో గానీ ఒక్క అంగుళం పైన గానీ ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి.

ఎడమచేతి వాటం కాబట్టి అందరికీ చెప్పే సలహాలు నువ్వు తిరగేసుకోవాలి. లైటు కుడివైపు నుంచి రావాలి, లేకపోతే నీ చేతి నీడ నీ అక్షరం మీదే పడుతుంది. కాగితం పైఅంచు కుడివైపుకి ఒరిగేలా పెట్టుకో, చెయ్యి లైనుకి కిందే ఉంచు, సిరా అలుక్కోదు. కోచింగ్ సెంటర్లో ఆ కుర్చీ మీద కుస్తీ పట్టకుండా, పక్క కుర్చీ ఖాళీగా ఉంటే నీ ఎడమపక్కకి లాక్కుని దాని పలక మీద రాసుకో. నా క్లాసులో ఒక కుర్రాడు మూడు నెలలు అలాగే చేశాడు, నేను పక్కవాడి పేపరు చూస్తున్నాడనుకుని రోజూ తిట్టాను, పాపం.

ప్రశ్న (మంగళగిరి): నేను, ఇద్దరు చెల్లెళ్లం ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాం. నేలమీద కూర్చుని చేస్తుంటే మోకాళ్లు, నడుము అయిపోతున్నాయి. కుర్చీల్లో కూర్చుని చేసేలా స్టాండు చేయించుకోవాలి. ఎత్తెంత? చెక్కదా, ఇనపదా?

జవాబు: మంగళగిరి నుంచి మగ్గం అనగానే చేనేత అనుకున్నానమ్మా, రెండో లైనుకొచ్చాక గానీ ఆరీ సూదితో చేసే ఎంబ్రాయిడరీ సంగతని అర్థం కాలేదు. అయినా మీ ఊళ్లో గుంట మగ్గం ఒక్కసారి దగ్గరికెళ్లి చూడండి. నేతగాడు నేలమీదే కూర్చుంటాడు, కానీ కాళ్లు గుంటలోకి వేలాడతాయి, తొక్కుళ్లు అక్కడే ఉంటాయి, బట్ట సరిగ్గా ఒళ్లోకి వస్తుంది. మోకాళ్లు మడవాల్సిన పనే లేదు. మీరు మగ్గం వర్క్‌ని నేలమీదకి తెచ్చారు గానీ గుంట తవ్వుకోలేదు, అదీ తేడా.

కుట్టుమిషన్ కంటే మీ పని సన్నం. పూసలు, జర్దోసీ కంటికి దగ్గరగా ఉండాలి కాబట్టి ఫ్రేము మోచేతి కంటే రెండంగుళాలు పైనే ఉండాలి. తక్కువైతే వీపు వంగుతుంది. కానీ ఒక చెయ్యి గుడ్డ కింద దారం అందిస్తూ ఉంటుంది కదా, ఆ చేతికి చోటు కావాలి. తొడలకీ గుడ్డకీ మధ్య కనీసం బెత్తెడు ఖాళీ ఉండేలా చూసుకోండి, లేకపోతే కింది చెయ్యి మెలిపడి మణికట్టు పోతుంది. ముగ్గురూ ఒకే ఎత్తు కారు కాబట్టి ఒక్క కొలతకి వెల్డింగ్ చేయించకండి. ఇనప చదరం గొట్టంలో ఇంకో గొట్టం దూరేలా కాళ్లు, అంగుళానికో బెజ్జం, అడ్డంగా బోల్టు. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులో చెప్పినా చేస్తారు. ముగ్గురూ ఒకేసారి పనిచేసేటప్పుడు పొడుగాటి చెల్లెలి కొలతకి ఫ్రేము పెట్టి, పొట్టివాళ్లు స్టూలు పెంచుకుని కాళ్ల కింద పీట వేసుకోవాలి. దీన్ని తిరగేస్తే పొడుగాటి పిల్లకి గూని వస్తుంది.

స్టాండు ఇనపదైనా ఫ్రేము మాత్రం చెక్కదే ఉంచండి, గుడ్డ బిగించి కుట్టుకోవడానికి పట్టు అందులోనే ఉంటుంది. బిగించాక వేలితో కొడితే డప్పులా మోగాలి. ట్యూబులైటు సరిగ్గా నెత్తిమీద వద్దు, చమ్కీలు కళ్లల్లోకి కొడతాయి, కాస్త ముందుకి, పక్కకి జరిపించండి.

చిన్న చిన్నవి కొన్ని మిగిలాయి, గబగబా చెప్పేస్తాను.

కృష్ణలంక నుంచి ఒకరు కొండపల్లి బొమ్మల చెక్క తేలిగ్గా ఉంటుంది కదా, దానితో మడత బల్ల చేయించుకుంటే మోసుకెళ్లడానికి బాగుంటుందా అని అడిగారు. బొమ్మలకి వాడేది తెల్లపొణికి. మెత్తన, తేలిక, ఉలికి వెన్నలా లొంగుతుంది, బొమ్మలకి ప్రాణం పోసేది ఆ మెత్తదనమే. బల్లకి అదే ప్రాణం తీస్తుంది, గోరు గుచ్చినా గుంట పడుతుంది. వద్దండి.

గుంటూరు అరండల్‌పేట నుంచి ఒకమ్మాయి కటింగ్ టేబుల్‌కి నల్ల గ్లాసు సన్‌మైకా ఫ్యాషన్‌గా ఉంటుందని వేయించానని, ఇప్పుడు కళ్లు లాగుతున్నాయని రాసింది. లాగుతాయి మరి, లైటంతా అందులోంచి తిరిగి కంట్లోకే కొడుతుంది, నల్ల దారం కిందపడితే కనపడదు. మళ్లీ ఊడబీకించక్కర్లేదు, పైన లేతరంగు గుడ్డ బిగుతుగా లాగి అడుగున పిన్నులు కొట్టించండి. గుండుసూదులు జారిపోవు కూడా.

భవానీపురం నుంచి ఒక పెద్దాయన: వేపచెక్కతో మనవరాలికి రాతబల్ల చేయించొచ్చా? భేషుగ్గా చేయించండి బాబాయిగారూ, పురుగు తొందరగా ముట్టదు. కోసిన వెంటనే మాత్రం వాడనివ్వకండి, నీడలో బాగా ఆరాలి, పచ్చిగా వాడితే మెలితిరుగుతుంది.

ఇక ఆఖరిది, పటమట నుంచి. బల్ల ఊగుతోందట, అట్టముక్క మడిచి ఒక కాలి కింద పెడుతున్నా నాలుగు రోజులకి మళ్లీ ఊగుతోందట, కాలు పొట్టిదైందా అని. ముందు బల్లని అక్కడే పావు చుట్టు తిప్పి చూడండి. ఊగేది అదే కాలైతే తప్పు బల్లది, వేరే కాలైతే మీ గచ్చుది. చాలా ఇళ్లల్లో గచ్చుదే. అట్టముక్క చెమ్మకి మెత్తబడుతుంది, తీసేసి పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టండి, మిషన్ తొక్కినప్పుడు చప్పుడు కూడా తగ్గుతుంది.